ఐదు గెలాక్సీలు, ఒక తప్పటడుగు

ఐదు గెలాక్సీలున్న గుంపు ఒకటి కొన్ని వందల కోట్ల ఏళ్లలో ఏమవుతుందో చూడాలని కొంతకాలం కిందట నా కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ఒక్కో గెలాక్సీ ఒక్కో బిందువు. ఐదింటికీ ద్రవ్యరాశులు, స్థానాలు, వేగాలు ఇచ్చి, న్యూటన్ సూత్రం ప్రకారం వాటిని ఒకదాన్నొకటి లాక్కోనిచ్చాను. మొదటి వంద కోట్ల ఏళ్ల పాటు అన్నీ ఒద్దికగా తిరిగాయి. ఆ తర్వాత రెండు గెలాక్సీలు బాగా దగ్గరికి వచ్చాయి. కన్ను మూసి తెరిచేలోగా వాటిలో ఒకటి గుంపు పొలిమేర దాటి, మళ్లీ వెనక్కి రానంత వేగంతో వెళ్లిపోయింది.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఏ గుంపుకూ చెందకుండా ఒంటరిగా తిరిగే గెలాక్సీల్లో కొన్నయినా ఇలా పుట్టి ఉంటాయేమో అనిపించింది. ఇలాంటి విసిరివేతలు ప్రకృతిలో లేనివేమీ కావు. మూడు వస్తువులు ఒకచోట చేరినప్పుడు రెండు మరింత దగ్గరై, అలా విడుదలైన శక్తితో మూడోదాన్ని బయటికి తోసేయడం గురుత్వాకర్షణకు బాగా అలవాటైన పని. అందువల్ల తెర మీద కనిపించినదాన్ని అనుమానించడానికి నాకు కారణమే కనపడలేదు.

మర్నాడు మొత్తం శక్తిని అడుగడుగునా లెక్కగట్టి గీత గీయించాను. బయటి నుంచి ఏదీ వచ్చి చేరని గుంపులో గతిశక్తి, స్థితిశక్తి కలిపితే వచ్చే మొత్తం మారకూడదు. ఆ రెండు గెలాక్సీలు కలుసుకునే క్షణం దాకా నా గీత బల్లపరుపుగా ఉంది. ఆ క్షణంలో మెట్టెక్కినట్టు లేచి, అక్కడే ఉండిపోయింది. గుట్టు అడుగు నిడివిలో ఉంది. కాలాన్ని నేను పది లక్షల ఏళ్ల అడుగులుగా కోశాను. గుంపు మొత్తానికి అది చాలా చిన్న అడుగే. కానీ ఒక్కోటి లక్ష కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి ఉన్న రెండు బిందువులు మూడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒకదాన్నొకటి దాటుతున్నప్పుడు, ఒక్క అడుగులో పది వేల కాంతి సంవత్సరాలకు పైగా కదిలిపోతాయి. దగ్గరగా ఉన్న క్షణంలో పడిన బలమైన లాగు వాటికి వేగాన్ని ఇచ్చేసింది. ఆ వేగాన్ని తిరిగి లాక్కోవాల్సిన సమయానికి అవి ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఇచ్చిన అప్పు వసూలు కాలేదు. అడుగును వందో వంతుకు కుదించి మళ్లీ నడిపితే గెలాక్సీ గుంపులోనే ఉండిపోయింది.

అప్పటి నుంచి గెలాక్సీల సిమ్యులేషన్ ఏది చూసినా ఇందులో ప్రకృతి వాటా ఎంత, పద్ధతి వాటా ఎంత అన్న ప్రశ్నే ముందు వస్తోంది. నా వాదన కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కణాల సంఖ్య, అంటే లెక్కలో వాడే బిందువుల సంఖ్య, పెరిగినంత మాత్రాన సిమ్యులేషన్ నమ్మదగినది కాదు. ఎక్కడి దాకా నమ్మాలో దాని హద్దులు తెలిసినప్పుడే దానికి విలువ. ఆ హద్దులను శాస్త్రవేత్తలు తమ పరిశోధన పత్రాల్లో నిజాయితీగానే రాస్తారు. మన దాకా వచ్చేసరికి అవి దారిలోనే రాలిపోయి, రంగుల వీడియో ఒక్కటే మిగులుతుంది. అలా రాలిపోయేదే అసలు విజ్ఞానమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ మాట గెలాక్సీల గుంపుల విషయంలో మరింత గట్టిగా చెప్పాలి. వేల గెలాక్సీలున్న మహా సమూహాల్లో ఒక్కో గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయి వేగంతో తిరుగుతుంది. అంత వేగంలో రెండు గెలాక్సీలు ఎదురుపడినా ఒకదాన్నొకటి తాకి సాగిపోతాయి తప్ప కలిసిపోవడం అరుదు. నాలుగైదు నుంచి కొన్ని పదుల గెలాక్సీలుండే చిన్న గుంపుల్లో వేగం సెకనుకు రెండు వందల కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అది గెలాక్సీలోని నక్షత్రాలు తిరిగే వేగం లాంటిదే. అందుకే అక్కడ గెలాక్సీలు ఒకదాన్నొకటి దాటేటప్పుడు తీరిగ్గా లాక్కుంటాయి, నక్షత్రాలను తోకలుగా చీల్చుకుంటాయి, చివరికి ఒకటైపోతాయి. సభ్యులు తక్కువ, కలయికలు ఎక్కువ. ఒక్క కలయికలో లెక్క తప్పితే గుంపు చరిత్ర అంతా మారిపోతుంది. వేల సభ్యులున్న సమూహంలో తప్పులు సగటులో కొంత సర్దుకుంటాయి. ఐదుగురే ఉన్న చోట ఆ వెసులుబాటు ఉండదు.

ఈ పనిని కంప్యూటర్ లేకుండానే చేసినవారు ఒకరున్నారు. స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఎరిక్ హోల్మ్‌బెర్గ్ 1941లో ప్రచురించిన ప్రయోగం అది. దూరం రెట్టింపైతే కాంతి తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గురుత్వాకర్షణ కూడా అంతే. అయితే ఆకర్షణను కాంతితో ఎందుకు కొలవకూడదు? ఆయన ఒక గెలాక్సీకి 37 చొప్పున రెండు గెలాక్సీలకు 74 విద్యుత్ దీపాలు అమర్చారు. దీపం వెలుగు ఎంతో ఆ భాగం ద్రవ్యరాశి అంత. ఒక దీపాన్ని తీసి దాని చోట కాంతిని కొలిచే ఫోటోసెల్ పెట్టి, ఏ దిక్కు నుంచి ఎంత వెలుగు వస్తోందో చూస్తే ఆ చోట లాగు ఎటు, ఎంత అన్నది తెలిసిపోతుంది. ఆ లెక్క ప్రకారం దీపాన్ని కొంచెం జరపాలి. అలా 74 దీపాలనూ జరిపితే ఒక అడుగు పూర్తవుతుంది. తర్వాత మళ్లీ మొదటి దీపం.

ఆ గదిని ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చీకట్లో రెండు వెలుగు చక్రాలు, చేతి జరుపుళ్లతో ఒకదాని పక్క నుంచి మరొకటి సాగిపోవడం, వాటి అంచులు వంగి వంపు చేతులు తిరగడం! గెలాక్సీలు దగ్గరగా దాటినప్పుడు ఒకదానిలో ఒకటి పోటు లేపుతాయనీ, అందుకు ఖర్చైన శక్తి వాటి కదలిక నుంచే పోతుందనీ, అలా ఒకదానికొకటి బందీలు కావచ్చనీ ఆయన చూపించారు. ఆయన అసలు వెతుకుతున్నదీ అదే, గెలాక్సీలు గుంపులు కట్టడానికి కారణం. ఆ ప్రయోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది, పద్ధతిలోని ప్రతి లోపమూ చేతికి తగిలేలా ఉండడం. దీపం అన్ని దిక్కులకూ సమానంగా వెలగకపోతే ఆ వంకర నేరుగా లెక్కలోకి వస్తుంది. గెలాక్సీకి 37 భాగాలే అన్న సంగతి కళ్లెదుటే ఉంటుంది. ఎవరూ దాన్ని ఆకాశం ఫోటో అనుకోరు.

కంప్యూటర్లు వచ్చాక 1963లో స్వెర్రే ఆర్సెత్ వంద దాకా వస్తువులతో గెలాక్సీ సమూహాల గమనాన్ని లెక్కగట్టారు. నా ఐదు బిందువుల ప్రోగ్రాంలో నాకు ఎదురైన చిక్కే అక్కడా ఉంది, రెండు బిందువులు మరీ దగ్గరైతే ఆకర్షణ హద్దు లేకుండా పెరిగిపోతుంది. నిజమైన గెలాక్సీ బిందువు కాదు, విశాలంగా పరచుకున్న వస్తువు. అందుకని ఆయన సూత్రంలోని దూరానికి ఒక చిన్న స్థిరమైన పొడవును కలిపారు. వస్తువులు ఎంత దగ్గరైనా సూత్రం దృష్టిలో వాటి మధ్య కనీసం ఆ మాత్రం ఎడం ఉన్నట్టే. దీన్ని సాఫ్టెనింగ్ అంటారు. బిందువు మొన విరిచి దాన్ని మెత్తటి ఉండగా మార్చడమన్నమాట. ఈ రోజుకీ దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ సిమ్యులేషన్ ఏదో ఒక రూపంలో ఈ ఉపాయం మీదే నడుస్తోంది.

ఉపాయానికి ఖరీదు ఉంది. ఆ పొడవు కంటే చిన్న దూరాల్లో సిమ్యులేషన్ ఏం చూపించినా దానికి అర్థం లేదు. ఒక ఉదాహరణ చూడండి. 2005లో వెలువడిన మిలీనియం సిమ్యులేషన్ వెయ్యి కోట్లకు పైగా కణాలతో విశ్వంలోని ఒక విశాలమైన ఘనాన్ని లెక్కగట్టింది. విశ్వ నిర్మాణం గురించి మన అవగాహనకు అది చేసిన మేలు అపారం. కానీ అందులో ఒక్కో కణం బరువు వంద కోట్ల సూర్యులకు పైమాటే. సాఫ్టెనింగ్ పొడవు సుమారు 22 వేల కాంతి సంవత్సరాలు. మన పాలపుంత కేంద్రం నుంచి సూర్యుడు ఉన్న దూరం దాదాపు 26 వేల కాంతి సంవత్సరాలు. అంటే మన గెలాక్సీలాంటిది ఆ సిమ్యులేషన్‌లో ఉంటే, కేంద్రం నుంచి ఇంచుమించు మన దాకా ఉన్న ప్రాంతమంతా ఉద్దేశపూర్వకంగా అలికేసినట్టే. పాలపుంతను చుట్టుకుని ఉన్న, కంటికి కనపడని కృష్ణ పదార్థపు ముద్ద, అంటే హేలో, అక్కడ ఓ వెయ్యి కణాల పోగు.

అంత పెద్ద ప్రాంతం కావాలనుకుంటే అంతకంటే సన్నగా అప్పట్లో సాధ్యం కాదు. ఎంచుకున్న ప్రశ్నకు అది సరైన ఎంపిక కూడా. తగువల్లా, ఆ సిమ్యులేషన్‌లోంచి తీసిన ఊదారంగు దారాల బొమ్మ పక్కన ఆ రెండు అంకెలు ఎక్కడా కనపడకపోవడంతోనే. దూరదర్శినితో తీసిన ఫోటో కింద ఏ యంత్రం, ఎంతసేపు, ఏ వడపోత అని రాస్తారు. లెక్కతో గీసిన బొమ్మకు ఆ మర్యాద ఎందుకు లేదు?

లెక్క వేగం గురించి ఒక్క మాట. పది లక్షల కణాలుంటే జతలు యాభై వేల కోట్లు, అవన్నీ అడుగడుగునా లెక్కించాలి. 1986లో జాషువా బార్న్స్, పీట్ హట్ దూరంగా ఉన్న కణాల గుత్తిని ఒకే బరువుగా తీసుకునే చెట్టు పద్ధతిని ప్రకటించాక ఆ భారం కొన్ని వేల రెట్లు తగ్గింది. ఎంత దూరంలో ఉంటే గుత్తిని ఒకటిగా తీసుకోవచ్చో మనమే నిర్ణయించాలి. అది మరో చిన్న తప్పు, అయితే అదుపులో పెట్టుకోగలిగిన తప్పు. ఇలాంటి వాటితో నాకు పేచీ లేదు.

చిక్కటి పొదల్లాంటి చోట్లు వేరే ఉన్నాయి. అందులో మొదటిది గతిక ఘర్షణ. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1943లో దీన్ని సూత్రబద్ధం చేశారు. బరువైన వస్తువు ఒకటి చిన్న వస్తువుల మందలోంచి వెళుతుంటే, అది లాగిన చిన్న వస్తువులు దాని వెనక పోగుపడతాయి. ఆ పోగు దాన్ని వెనక్కి లాగుతుంది. దేనికీ తగలకపోయినా వేగం తగ్గిపోతుంది. గుంపులో గెలాక్సీలు కృష్ణ పదార్థంలోంచి కదిలేటప్పుడు జరిగేది ఇదే, అవి మెల్లమెల్లగా కేంద్రం వైపు జారి కలిసిపోవడానికి కారణం ఇదే. నా ఐదు బిందువుల ప్రోగ్రాంలో కృష్ణ పదార్థం లేదు కాబట్టి ఘర్షణా లేదు. లెక్క అడుగు సరిచేసినా అందులోని గెలాక్సీలు ఎన్నటికీ కలవవు. అడుగు తప్పును శక్తి గీత పట్టిచ్చింది. ఈ తప్పును ఏ గీతా పట్టివ్వదు. లెక్కలో లేనిదాని గురించి లెక్క ఫిర్యాదు చేయదు.

ఘర్షణను నిజంగా చూపించాలంటే హేలోను వేల, లక్షల కణాలతో నింపాలి. తక్కువ కణాలతో నింపితే గెలాక్సీ వెనక ఏర్పడే పోగు గరుకుగా ఉంటుంది, విడి కణాల తాకిళ్లు హేలోను అసహజంగా వేడెక్కిస్తాయి. అప్పుడు గెలాక్సీలు ఎంత కాలానికి కలుస్తాయన్న జవాబు ప్రకృతి నుంచి కాక కణాల సంఖ్య నుంచి వస్తుంది.

ఇది ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి బిగుతైన గుంపుల కథకు మించినది లేదు. 1877లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఎడువార్డ్ స్టెఫాన్ మార్సే నుంచి ఒకే చోట ఇరుక్కున్నట్టు కనిపించే ఐదు గెలాక్సీలను చూశారు. ఈనాటికీ అది స్టెఫాన్ క్వింటెట్ పేరుతో ప్రసిద్ధం. 2022 జూలైలో జేమ్స్ వెబ్ దూరదర్శిని తొలి చిత్రాల్లో ఒకటిగా లోకమంతా చూసింది దాన్నే. 1982లో పాల్ హిక్సన్ ఇలాంటి బిగుతైన గుంపులు వందింటికి జాబితా తయారు చేశారు. వీటిలో ఒక గెలాక్సీ గుంపును ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి కొన్ని పదుల కోట్ల ఏళ్లే పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అంత ఇరుకులో అంత నెమ్మదిగా తిరిగే గెలాక్సీలు కొద్ది చుట్లలోనే కలిసి ఒకటి కావాలి. 1980లలో నడిపిన సిమ్యులేషన్లు అదే చూపించాయి. 1989లో బార్న్స్ ప్రచురించిన లెక్కలో గుంపులోని పళ్లెపు గెలాక్సీలన్నీ కలిసి చివరికి ఒక దీర్ఘవృత్తపు గెలాక్సీగా మారాయి. మరి ఇంత త్వరగా అంతరించాల్సినవి ఇన్ని ఇంకా ఎలా కనిపిస్తున్నాయి?

ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల వరుస నాకు ఒక మంచి నవలంత ఇష్టం. అవి నిజమైన గుంపులే కావు, పొడవాటి దారం లాంటి గెలాక్సీల వరుసను మనం దాని మొన వైపు నుంచి చూస్తున్నాం అన్నారు కొందరు. దాంట్లో కొంత నిజముంది. స్టెఫాన్ చూసిన ఐదింటిలో ఒకటి, ఎన్‌జీసీ 7320, మనకు దాదాపు 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. మిగతావి 29 కోట్ల ప్రాంతంలో ఉన్నాయి. అయితే అవి మన నుంచి దూరమవుతున్న వేగాలు (ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ) కొలిచి చూస్తే హిక్సన్ జాబితాలోని వందలో 92 గుంపుల్లో కనీసం మూడేసి గెలాక్సీలు నిజంగానే దాదాపు ఒకే వేగంతో, అంటే ఒకే చోట ఉన్నాయని తేలింది. 1994లో డయాఫెరియో, గెల్లర్, రమెల్లా మరో దారి చూపించారు. కాస్త విశాలమైన వదులు గుంపు లోపలికి కుప్పకూలే క్రమంలో బిగుతైన పోగులు మళ్లీ మళ్లీ ఏర్పడుతూనే ఉంటాయి. పాతవి కలిసిపోతుంటే కొత్తవి వచ్చి చేరుతుంటాయి. నదిలో సుడిగుండం ఎప్పుడూ ఉంటుంది, నీరు మాత్రం అదే నీరు కాదు.

1997లో అథనసూలా, మకీనో, బోస్మా వేసిన అడుగు నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. గురుత్వాకర్షణను మాత్రమే మెరుపు వేగంతో లెక్కించడానికి టోక్యోలో తయారైన గ్రేప్ అనే ప్రత్యేక యంత్రాల రూపకర్తల్లో మకీనో ఒకరు. వాళ్లు ఒకే పెద్ద సిమ్యులేషన్ నడపలేదు. కృష్ణ పదార్థం ఒక్కో గెలాక్సీకి విడిగా అంటిపెట్టుకుని ఉంటే ఎలా, గుంపంతటికీ ఉమ్మడిగా పరచుకుని ఉంటే ఎలా, ఆ ఉమ్మడి హేలో మధ్యలో ఇరుకుగా ఉంటే ఎలా, వదులుగా ఉంటే ఎలా అని ఒక్కోటీ మార్చి మార్చి చూశారు. బరువైన ఉమ్మడి హేలో కేంద్రంలో మరీ ఒత్తుగా లేకుండా ఉంటే, తగిన తొలి అమరికతో గుంపు విశ్వం వయసును మించి కూడా నిలబడగలదని తేలింది. అంటే "త్వరగా కలిసిపోవాలి" అన్న పాత నిర్ధారణలో గురుత్వాకర్షణ చెప్పినది కొంతే, తొలి అమరిక గురించి మనం చేసిన ఊహ చెప్పినది మిగతాది. ఇలాంటి చిన్న, శుభ్రమైన, పదే పదే మార్చి నడపగలిగే లెక్కలు లేకపోతే ఆ రెంటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

పెద్ద సిమ్యులేషన్లను సమర్థించేవారు దీనికి గట్టి జవాబే ఇస్తారు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏ గుంపూ శూన్యంలో ఒంటరిగా పుట్టదు. తొలి అమరికను మన ఇష్టం వచ్చినట్టు ఊహించుకునే బదులు, విశ్వం బాల్యంలోని చిన్న చిన్న హెచ్చుతగ్గుల నుంచి మొదలుపెట్టి గుంపును దానంతటదే పుట్టనివ్వాలి. అప్పుడే బయటి నుంచి వచ్చి చేరే గెలాక్సీలు, పక్కనున్న సమూహం లాగు అన్నీ సహజంగా లెక్కలోకి వస్తాయి. ఇది నిజం. డయాఫెరియో బృందం చూపించిన సుడిగుండం వంటిది ఒంటరి గుంపు లెక్కలో ఎన్నటికీ కనపడదు. నేను కోరేది పెద్దవాటిని మానేయమని కాదు. వాటి తప్పులు వెతికే పనిని రెండో తరగతి పనిగా చూడొద్దని మాత్రమే.

ఆ పని ఎంత అవసరమో 2018లో వాన్ డెన్ బాష్, ఒగియా చేసిన పరిశోధన చూపించింది. పెద్ద హేలోలోకి పడిన చిన్న హేలోలు కొంతకాలానికి చిరిగి మాయమైపోవడం విశ్వ సిమ్యులేషన్లలో రోజూ కనిపించేదే. పోటు బలాలు వాటిని చీల్చేశాయని సరిపెట్టుకునేవాళ్లం. వాళ్లు ఒక్క చిన్న హేలోను తీసుకుని, కణాల సంఖ్యనూ సాఫ్టెనింగ్‌నూ మారుస్తూ మళ్లీ మళ్లీ నడిపి చూస్తే, ఆ మాయమవడాల్లో చాలా భాగం కృత్రిమమేనని తేలింది. కణాలు తక్కువైనా, సాఫ్టెనింగ్ సరిపడనిదైనా చిన్న హేలో అకాలంగా చెదిరిపోతుంది. గుంపులో ఎన్ని చిన్న గెలాక్సీలు మిగులుతాయి, ఎక్కడ మిగులుతాయి అన్న ప్రశ్న నేరుగా దీని మీద ఆధారపడి ఉంది. ఇది చదివినప్పుడు నాకు నా శక్తి గీతలోని మెట్టు గుర్తొచ్చింది. వాళ్లు చూసినది దానికంటే ఎంతో సూక్ష్మమైనది, ఎన్నో ఏళ్ల పాటు ఎందరో నిపుణుల కళ్ల ముందే ఉన్నది.

ఇంతవరకూ గురుత్వాకర్షణ ఒక్కటే. వాయువు వచ్చి చేరితే చిక్కు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాయువును లెక్కించడానికి రెండు పెద్ద సంప్రదాయాలున్నాయి. 1977లో పుట్టిన ఎస్‌పీహెచ్ పద్ధతి వాయువును కదిలే కణాలుగా చూసి, ప్రతి కణాన్నీ చుట్టుపక్కల వాటితో కలిపి సగటు తీస్తుంది. రెండో సంప్రదాయం స్థలాన్ని గడులుగా కోసి, గడి నుంచి గడికి వాయువు ప్రవాహాన్ని లెక్కిస్తుంది. 1999లో ప్రచురితమైన శాంటా బార్బరా పోలికలో పన్నెండు ప్రోగ్రాంలకు ఒకే గెలాక్సీ సమూహాన్ని, ఒకే తొలి స్థితిని ఇచ్చారు. కృష్ణ పదార్థం విషయంలో అన్నీ దాదాపు ఏకాభిప్రాయానికి వచ్చాయి. కేంద్రంలోని వేడి వాయువు విషయంలో మాత్రం ఈ రెండు సంప్రదాయాలూ చెరో దారి పట్టాయి. 2007లో ఆగెర్ట్జ్ బృందం దాన్ని ఇంకా చిన్న పరీక్షకు కుదించింది. వేగంగా వీచే వేడి గాలిలో చల్లటి వాయువు ముద్ద ఒకటి, అంతే. గడుల పద్ధతిలో ఆ ముద్ద అంచుల్లో సుడులు లేచి చిరిగిపోయింది. అప్పటి ఎస్‌పీహెచ్‌లో చాలాసేపు ముద్దగానే మిగిలింది. వేడి వాయువు నిండిన గుంపులోకి గెలాక్సీ ఒకటి దూసుకొస్తే దాని చల్లటి వాయువుకు జరిగేది సరిగ్గా ఇదే. ఆ గెలాక్సీలో ఇకపై నక్షత్రాలు పుడతాయా లేదా అన్న జవాబు ప్రోగ్రాం రాసినవారి సంప్రదాయాన్ని బట్టి మారడమంటే చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఎస్‌పీహెచ్‌ను ఎంతో మెరుగుపరిచారు, కదిలే గడుల పద్ధతులూ వచ్చాయి. పరీక్ష పెట్టినందువల్లే ఆ మెరుగులు వచ్చాయి.

నక్షత్రాల పుట్టుక, పేలుళ్లు, గెలాక్సీ కేంద్రంలోని కృష్ణ బిలం వెదజల్లే శక్తి, ఇవన్నీ సిమ్యులేషన్ చూడగలిగిన దానికంటే చాలా చిన్న స్థాయిలో జరుగుతాయి. వాటిని నియమాలుగా రాసి చేర్చాలి. ఆ నియమాల్లోని కొన్ని అంకెలను, ఈనాటి గెలాక్సీల లెక్కతో సరిపోయేలా సర్దుతారు. అందువల్ల సిమ్యులేషన్ ఈనాటి గెలాక్సీల సంఖ్యను సరిగ్గా చూపించిందంటే అది విజయం కాదు, సర్దిన చోట సరిపోయింది అంతే. సర్దని చోట ఏం చెబుతుందన్నదే పరీక్ష. 2014 నాటి ఇల్లస్ట్రిస్ సిమ్యులేషన్ ఆ పరీక్షలో తప్పింది సరిగ్గా గుంపుల దగ్గరే. కృష్ణ బిలాల శక్తికి అది రాసుకున్న నియమం గుంపుల స్థాయి హేలోల నుంచి వాయువును వాస్తవంలో కంటే మరీ ఎక్కువగా బయటికి ఊడ్చేసింది. దాన్ని మొదట చెప్పింది ఆ బృందమే. తర్వాతి సిమ్యులేషన్ ఇల్లస్ట్రిస్ టీఎన్‌జీలో ఆ నియమాన్నే మార్చారు. ఈ సంగతి ఆ రంగంలోని ప్రతి ఒక్కరికీ తెలుసు. రంగుల బొమ్మలు మాత్రమే చూసిన పాఠకులకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బృందం మీద గౌరవం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

మన సొంత గుంపు సంగతికి వద్దాం. పాలపుంత, ఆండ్రోమెడా, ట్రయాంగులమ్, పెద్ద మెజెల్లనిక్ మేఘం, ఇంకా ఎన్నో చిన్న గెలాక్సీలు కలిసిన స్థానిక గుంపు మనది. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. హబుల్ కొలతల ఆధారంగా 2012లో వేసిన లెక్క, ఇంకో 400 కోట్ల ఏళ్లలో రెండూ ఢీకొంటాయని చెప్పింది. ఆ ఢీని చూపించే వీడియో ఎంత ప్రసిద్ధమైందంటే, అది జరిగి తీరుతుందన్నది పాఠ్యాంశం స్థాయికి చేరిపోయింది. 2025లో టిల్ సవాలా బృందం కొత్త కొలతలతో మళ్లీ లెక్క వేసింది. వాళ్లు వాడినది మహా సిమ్యులేషన్ కాదు. గెలాక్సీలను హేలోలుగా తీసుకుని, గతిక ఘర్షణను సూత్రంగా చేర్చి, కక్ష్యలను లెక్కించే తేలికపాటి పద్ధతి. తేలికపాటిది కనుకనే కొలతల్లోని అనిశ్చితి పరిధి అంతటా వేల వేల సార్లు నడపగలిగారు. ట్రయాంగులమ్‌ను చేర్చితే ఢీకొనే అవకాశం పెరుగుతోంది, పెద్ద మెజెల్లనిక్ మేఘాన్ని చేర్చితే తగ్గుతోంది. అన్నీ కలిపి చూస్తే, రాబోయే వెయ్యి కోట్ల ఏళ్లలో పాలపుంత, ఆండ్రోమెడా కలిసిపోయే అవకాశం ఇంచుమించు సగానికి సగం.

"సగానికి సగం" అన్నది నిరాశపరిచే జవాబని కొందరు రాయడం చూశాను. నాకు అది ఈ మధ్య కాలంలో విన్న అత్యంత నిజాయితీ గల జవాబు. ఒకే ఒక్క వీడియో అయితే ఆ మాట ఎన్నటికీ చెప్పలేదు, ఎందుకంటే వీడియోలో ఢీ జరగాలి, లేదా జరగకూడదు. అందులో సగం జరగడం ఉండదు.

కాబట్టి నా కోరిక ఒక్కటే, చాలా చిన్నది. గెలాక్సీల సిమ్యులేషన్ బొమ్మనో వీడియోనో ప్రచురించేవారు దాని కింద రెండు వాక్యాలు చేర్చండి. ఒక్కో కణం బరువెంత, ఎంత దూరం లోపల బొమ్మను నమ్మకూడదు, ఏ అంకెలను ముందే పరిశీలనలకు సర్దారు, అదే లెక్కను ఎన్నిసార్లు మార్చి నడిపారు. పదో తరగతి చదివే పిల్లలకు కూడా ఇవి అర్థమవుతాయి. లోకంలో ఏ కొలతకైనా పొరపాటు హద్దు ఉంటుందని వాళ్లకు ప్రయోగశాలలో మొదటి రోజే నేర్పుతున్నాం కదా.

నా ప్రోగ్రాంలో ఇప్పుడు ఐదు గెలాక్సీలూ బిందువులు కావు, ఒక్కోటీ ఐదు వేల కణాల హేలో. గుంపంతటికీ ఉమ్మడిగా పరచిన మరో హేలో కూడా ఉంది. ఉమ్మడి హేలోను మధ్యలో ఒత్తుగా పెడితే గెలాక్సీలు త్వరగా కలిసిపోతున్నాయి, వదులు చేస్తే చాలాకాలం విడిగా ఉంటున్నాయి. శక్తి గీత బల్లపరుపుగానే ఉంది. అయినా హేలోకు ఐదు వేల కణాలు చాలవని నా అనుమానం. అందుకే అదే అమరికను ఇరవై వేలతో మళ్లీ మొదలుపెట్టాను. నా యంత్రం మీద అది పూర్తి కావడానికి ఇంకా రోజులు పడుతుంది. రెండు లెక్కల్లోనూ గెలాక్సీలు కలిసే సమయం ఒకటే వస్తే దాన్ని రాస్తాను. రాకపోతే ఎంత తేడా వచ్చిందో రాస్తాను.